చిలకలగూడ టీచరమ్మ.. ఎల్లారెడ్డి ఎమ్మెల్యే

గ్రూప్స్‌కో, డీఎస్సీకో, పోలీసు ఉద్యోగానికో అప్లికేషన్ నింపుతున్నప్పుడు ఒక కాలమ్ దగ్గర మీ చెయ్యి కాసేపు ఆగే ఉంటుంది. ఏ తరగతి ఏ జిల్లాలో చదివారు? మీరు లోకలా, నాన్‌లోకలా? ఆ ఒక్క వివరం కోసం బోనఫైడ్ సర్టిఫికెట్లు పట్టుకురావాలి. ఎప్పుడో వదిలేసిన ఊరి బడికి మళ్లీ వెళ్లి, రిజిస్టర్లు తిరగేయించి, హెడ్‌మాస్టర్ సంతకం పెట్టించుకోవాలి. అప్పుడు విసుగు వచ్చి ఉంటుంది కూడా. అసలు ఈ కాలమ్ ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని మాత్రం మనలో చాలామంది అడగరు. పరీక్షలో ప్రశ్న వస్తే ఆరు సూత్రాలు, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు అని బట్టీ పట్టి రాసేస్తాం.

ఆ కాలమ్ వెనక పెద్ద గొడవే ఉంది. వీధుల్లో, జైళ్లలో, అసెంబ్లీలో ఏళ్ల తరబడి నడిచిన గొడవ అది. అందులో నిలబడ్డవాళ్లలో ఒక మాజీ స్కూల్ టీచర్ ఉన్నారు. పేరు జెట్టి ఈశ్వరీబాయి. తెలంగాణ ఉద్యమ చరిత్ర చదివేవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది. అయితే గైడ్లలో ఆమెకు దక్కేది ఒకటి రెండు లైన్లే. ఈ రోజు ఆ లైన్ల వెనక ఉన్న మనిషిని కాస్త తీరిగ్గా చూద్దాం.

రైల్వే ఉద్యోగి ఇంటి పిల్ల

ఈశ్వరీబాయి 1918 డిసెంబర్ 1న సికింద్రాబాద్‌లోని చిలకలగూడలో పుట్టారు. దళిత కుటుంబం. తండ్రి నిజాం రైల్వేలో ఉద్యోగి. ఈ చిన్న వివరాన్ని దాటేసి వెళ్లకండి. ఆ రోజుల్లో ఊళ్లో ఉన్న దళిత కుటుంబానికి వెట్టి తప్పదు. పిల్లలకు బడి గడప దొరకదు. పట్నంలో రైల్వే ఉద్యోగమంటే నెల తిరిగేసరికి జీతం. జీతం వస్తే పిల్లల చదువు గురించి ఆలోచించే వీలుంటుంది. పైగా సికింద్రాబాద్ బ్రిటిష్ కంటోన్మెంట్ ఉన్న ఊరు. మిషన్ స్కూళ్లు ఉన్నాయి. ఆడపిల్లల కోసం కీస్ హైస్కూల్ ఉంది. ఈశ్వరీబాయి మిషన్ స్కూల్లోనూ, తర్వాత కీస్ హైస్కూల్లోనూ చదువుకున్నారు.

ఆ కాలపు రివాజు ప్రకారం చదువు వయసులోనే పెళ్లయిపోయింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్లు. భర్త పుణెలో దంతవైద్యుడు. కొంతకాలం తర్వాత ఆమె సికింద్రాబాద్‌లోని పుట్టింటికి తిరిగి వచ్చేశారు. కూతురు గీతను పెంచే బాధ్యత అంతా ఆమె మీదే పడింది. ఇక్కడ ఆగి మీరే ఆలోచించండి. ఇంకా నిజాం రాజ్యం నడుస్తున్న రోజులు. ఒంటరి మహిళ. దళిత కుటుంబం. చేతిలో ఉన్నది హైస్కూలు చదువు ఒక్కటే. ఆమె ముందున్న దారులెన్ని? మన లెక్కలో అయితే ఒక్కటే. ఎవరి ఇంట్లోనో ఒదిగి బతకడం.

ఆమె ఉద్యోగం వెతుక్కున్నారు.

పలకా బలపం జీతం

సికింద్రాబాద్‌లోని పరోపకారిణి పాఠశాలలో ఈశ్వరీబాయి టీచర్‌గా చేరారు. బడి అయ్యాక ఇళ్ల దగ్గర పిల్లలకు ట్యూషన్లు కూడా చెప్పేవారు. ఒకరి మీద ఆధారపడకుండా ఇల్లు నడవాలంటే బడి జీతం ఒక్కటే చాలదని ప్రైవేటు స్కూలు టీచర్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇప్పటికీ అంతే కదా.

దళితవాడ నుంచి వచ్చిన మనిషి బోర్డు ముందు నిలబడటం అప్పట్లో ఎంత పెద్ద మాటో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. హైదరాబాద్‌లో దళిత పిల్లల చదువు కోసం భాగ్యరెడ్డి వర్మ 1910లో బడి మొదలుపెట్టారు. ఆ తర్వాత అలాంటివి మరికొన్ని వచ్చాయి. ఆయనతోపాటు అరిగె రామస్వామి, బి.ఎస్.వెంకటరావు వంటివాళ్లు జంట నగరాల్లో సంఘాలు పెట్టి, సభలు జరిపి, బడి అన్న మాటను వాడవాడకూ తీసుకెళ్లారు. ఈశ్వరీబాయి పెరిగింది ఆ గాలిలోనే. ఆమెకు టీచర్ ఉద్యోగం బతుకుదెరువు. తన వాడకు మాత్రం అదొక కొత్త సంగతి. మనమ్మాయి పాఠం చెబుతోంది అని జనం చెప్పుకోదగ్గ సంగతి.

1942 జులైలో నాగ్‌పూర్‌లో అఖిల భారత అణగారిన వర్గాల మహాసభ జరిగింది. అంబేడ్కర్ నాయకత్వంలో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ పుట్టింది ఆ సభలోనే. ఆడవాళ్ల సమావేశం కూడా అక్కడే విడిగా జరిగింది. ఈశ్వరీబాయి ఆ మహాసభకు వెళ్లారు. అప్పటికి ఆమె వయసు 23. ఇప్పుడు మీలో చాలామంది ఉన్న వయసే.

ఆమె దగ్గర ఇంకో బలం ఉంది. భాషలు. తెలుగు ఇంటి భాష. ఇంగ్లిష్ బడిలో వచ్చింది. ఉర్దూ, హిందీ సికింద్రాబాద్ వీధుల్లో దొరికేవే. వాటికి మరాఠీ తోడైంది. అంబేడ్కర్ ఉద్యమం మహారాష్ట్రలో పుట్టి పెరిగింది. ఇటు హైదరాబాద్ సంస్థానంలో సర్కారు భాష ఉర్దూ. వాడలో జనం భాష తెలుగు. ఈ మూడు చోట్లా దుబాసీ లేకుండా మాట్లాడగలిగే కార్యకర్త ఏ సంఘానికైనా ఎంత విలువైన మనిషో మీరే ఊహించుకోవచ్చు. ఇంకో భాష నేర్చుకోవడం టైమ్ వేస్ట్ అనుకునేవాళ్లు ఈ పేరా మళ్లీ ఒకసారి చదవండి.

నల్లా నీళ్ల రాజకీయం

హైదరాబాద్ 1948లో భారత యూనియన్‌లో కలిసింది. ఎన్నికలు వచ్చాయి. 1950ల మొదట్లో ఈశ్వరీబాయి చిలకలగూడ నుంచి మునిసిపల్ కౌన్సిలర్‌గా గెలిచారు. రాజకీయ జీవితానికి అదే మొదటి మెట్టు.

కౌన్సిలర్ పని ఏంటో పట్నంలో పెరిగినవాళ్లకు తెలుసు. నల్లా, మోరీ, వీధి దీపం, గుడిసెల కాడికి బాట. వీటి కోసం పొద్దున్నే గుమ్మం ముందు జనం. ఈ పనిని చిన్నచూపు చూసేవాళ్లు రాజకీయాల్లో చాలామంది ఉంటారు. టీచర్‌గా చేసిన మనిషికి ఇది కొత్త కాదు. ఎవరింట్లో ఏ కష్టం ఉందో బడికొచ్చే పిల్లల ముఖాల్లోనే కనపడుతుంది. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్ల ఎవరో, పెళ్లి కుదిర్చి బడి మాన్పించబోతున్న పిల్ల ఎవరో టీచర్‌కు ముందే తెలిసిపోతుంది.

ఆ రోజుల్లోనే ఆమె చిలకలగూడలో సొంతంగా బడి కూడా పెట్టారు. కూతురి పేరు మీద అది గీతా విద్యాలయం. పేద ఆడవాళ్లకు కుట్టుపని లాంటివి నేర్పించే పని కూడా పెట్టుకున్నారు. అంటే రాజకీయాల్లోకి వచ్చాక బడిని వదిలేయలేదన్నమాట. తర్వాతి కాలంలో మహిళా శిశు సంక్షేమ బోర్డు బాధ్యతలు చూసినప్పుడు కూడా ఆమె పట్టు పట్టింది ఆడపిల్లల చదువు మీదే.

1957లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ స్థానంలో రిపబ్లికన్ పార్టీ ఆఫ్ ఇండియా వచ్చింది. ఆమె అందులోకి వెళ్లి, రాష్ట్రంలో పార్టీ ముఖ్య నేతల్లో ఒకరయ్యారు. ఆ పార్టీ బలమంతా మహారాష్ట్రలోనే. ఇక్కడ డబ్బు లేదు, ఊరూరా కమిటీలు లేవు. అధికారంలో ఉన్న కాంగ్రెస్ తలుపు మాత్రం తెరిచే ఉంది. అటు వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆమె మాత్రం రిపబ్లికన్ పార్టీలోనే ఉండి 1967 ఎన్నికలకు సిద్ధమయ్యారు.

287 మందిలో ఇద్దరు

1967 ఎన్నికల్లో ఆమె పోటీ చేసింది నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డిలో. ఇప్పుడది కామారెడ్డి జిల్లాలో ఉంది. అప్పుడు రిజర్వుడు సీటు. ఎదురుగా ఉన్నది చిన్న అభ్యర్థి కాదు. కాంగ్రెస్ తరఫున టి.ఎన్.సదాలక్ష్మి. అసెంబ్లీ డిప్యూటీ స్పీకర్‌గా, మంత్రిగా పనిచేసిన నేత. ఆమె కూడా దళిత మహిళే. ఇద్దరు దళిత మహిళలు, ఇద్దరూ గట్టివాళ్లే, ఒకే సీటు కోసం తలపడ్డ ఎన్నిక అది. ఈశ్వరీబాయి గెలిచారు.

ఆ అసెంబ్లీలో మొత్తం స్థానాలు 287. కాంగ్రెస్‌కు 165 వచ్చాయి. రిపబ్లికన్ పార్టీకి వచ్చినవి రెండే. రెండు సీట్ల పార్టీ ఎమ్మెల్యే అంటే ఏంటో పాలిటీ చదివేవాళ్లు కొంచెం గమనించాలి. సభలో మాట్లాడే సమయం పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. బడ్జెట్ మీద పెద్ద పార్టీ నాయకుడు గంట మాట్లాడితే చిన్న పార్టీకి నాలుగైదు నిమిషాలు దొరకడమే గొప్ప. మరి ఎలా వినిపించాలి?

దారి ఉంది. ప్రశ్నోత్తరాల సమయం. ముందుగా నోటీసిచ్చి అడిగిన నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. ఇక్కడ పార్టీకి ఎన్ని సీట్లున్నాయన్నది లెక్కలోకి రాదు. విషయం తెలిసిన సభ్యురాలు మూడు అనుబంధ ప్రశ్నలతో మంత్రిని నీళ్లు నమిలేలా చేయొచ్చు. విషయం తెలియకపోతే మంత్రే నవ్వి కూర్చుంటాడు. హోంవర్క్ చేసి రావాలి, అంతే. పాతికమంది పిల్లల ముందు తడబడకుండా పాఠం చెప్పాలంటే ముందు రోజు రాత్రి టీచర్ ఎంత చదువుకోవాలో, ఇదీ అంతే. దళితుల భూమి, కూలీ రేట్లు, హాస్టళ్లు, ఆడవాళ్ల మీద దాడులు, తెలంగాణ నిధులు. సభలో ఆమె మళ్లీ మళ్లీ లేచింది ఈ విషయాల మీదే.

కంచికచర్ల

1968 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ని దొంగతనం నెపం మీద కట్టేసి, కిరోసిన్ పోసి సజీవంగా తగలబెట్టారు. రాష్ట్రం ఉలిక్కిపడింది. విషయం అసెంబ్లీకి వచ్చింది.

కంచికచర్ల ఎక్కడ, ఎల్లారెడ్డి ఎక్కడ? ఆమె నియోజకవర్గానికి దానితో సంబంధం లేదు. అక్కడి ఓటర్లెవరూ ఆమెకు ఓటేయలేదు. అయినా ఆ చర్చలో సర్కారును నిలదీసినవాళ్లలో ఈశ్వరీబాయి ముందున్నారు. దళితులను కించపరిచేలా ఒక మంత్రి మాట్లాడారని ఆమె సభలోనే కాలి చెప్పు తీసి చూపించారన్న సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

సభా మర్యాద ప్రకారం అది తప్పా, ఒప్పా? మీ స్టడీ సర్కిల్‌లో చర్చ పెట్టుకోండి. రెండువైపులా వాదించేందుకు సరుకుంది. ఒక్కటి మాత్రం మర్చిపోకుండా వాదించండి. తగలబడింది ఒక మనిషి. అతని తరఫున ఆ గదిలో మాట్లాడగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

రోడ్డెక్కిన ఏడాది

1969 జనవరిలో తెలంగాణ భగ్గుమంది. మూలం ఉద్యోగాలే. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణవాళ్లకు రక్షణలు రాసుకున్నారు. నిజాం కాలం నుంచి ముల్కీ నిబంధనలు ఉన్నాయి. పదిహేనేళ్లు ఇక్కడ ఉన్నవాళ్లకే సర్కారు కొలువు అన్నది వాటి సారాంశం. కాగితం మీద అన్నీ ఉన్నాయి. పోస్టుల దగ్గరికొచ్చేసరికి మాత్రం వేరేవాళ్లు కూర్చుంటున్నారని చదువుకున్న కుర్రాళ్లు రగిలిపోయారు. పాల్వంచ, ఖమ్మంలో మొదలైన నిరసన ఉస్మానియాకు పాకింది. కాల్పులు జరిగాయి. ఉద్యమంలో 369 మంది చనిపోయారని తెలంగాణ సమాజం గుర్తుపెట్టుకుంది. వాళ్లలో ఎక్కువమంది విద్యార్థులు, యువకులు.

ఈశ్వరీబాయి ఆ ఉద్యమంలోకి దిగారు. జైలుకూ వెళ్లారు. విశేషం ఏమిటంటే 1967లో ఆమె చేతిలో ఓడిపోయిన సదాలక్ష్మి కూడా అదే ఉద్యమంలో ముందు వరుసలో నిలిచారు. ఓట్ల పోటీ ఓట్లతోనే అయిపోయింది.

ఒకే ఒక్క సీటు

ఇప్పుడు అసలు ఘట్టం. 1971 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 14 సీట్లలో 10 గెలిచింది. జనం తీర్పు అంత స్పష్టంగా ఉంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో సమితి వెళ్లి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ముఖ్యమంత్రి బ్రహ్మానందరెడ్డి దిగిపోయి పి.వి.నరసింహారావు వచ్చారు. ఢిల్లీ లెక్క ప్రకారం సమస్య తీరిపోయింది. నాయకుల్లో చాలామందికి కొత్త దారి దొరికింది.

అప్పుడు మీరు ఆమె స్థానంలో ఉంటే ఏం చేసేవాళ్లు? కొన్ని నెలల్లో అసెంబ్లీ ఎన్నికలున్నాయి. ఉద్యమ పార్టీ లేదు. ఇందిరాగాంధీ గాలి దేశమంతా వీస్తోంది. కాంగ్రెస్ టికెట్ ఉంటే గెలుపు దాదాపు ఖాయం. లేకపోతే డిపాజిట్ కూడా అనుమానమే.

కలవడానికి ఒప్పుకోనివాళ్లు సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి పేరుతో 1972 ఎన్నికల్లో నిలబడ్డారు. ఫలితాలు వచ్చాయి. కాంగ్రెస్‌కు 219. సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితికి ఒకటి. ఆ ఒక్క సీటు ఎల్లారెడ్డి. గెలిచింది ఈశ్వరీబాయి.

మూడేళ్ల కింద లక్షలమంది రోడ్డు మీదికొచ్చిన డిమాండ్‌కు ఆ పార్టీ పేరు మీద సభలో మిగిలింది ఆమె ఒక్కరే. తర్వాతి రెండేళ్లలో చరిత్ర పరుగెత్తింది. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆరు సూత్రాలు. దాని కోసం 32వ రాజ్యాంగ సవరణ, 371-డి అధికరణ. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు. మీ అప్లికేషన్‌లోని లోకల్ కాలమ్ వచ్చింది ఇక్కడి నుంచే.

అంటే ఆమె గెలిచినట్టేనా? అంత సులువుగా చెప్పలేం. ఆమె అడిగింది ప్రత్యేక రాష్ట్రం. దక్కింది ఒక సర్దుబాటు. ఆ సర్దుబాటు కూడా సరిగా అమలు కాలేదు కాబట్టే 1985లో 610 జీవో తేవాల్సి వచ్చింది. 1978 వరకు ఆమె ఎమ్మెల్యేగా ఉన్నారు. ఆ తర్వాత మళ్లీ అసెంబ్లీలో అడుగుపెట్టలేదు. 1991 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. తెలంగాణ రాష్ట్రం వచ్చింది ఆమె పోయిన 23 ఏళ్లకు. కూతురు గీతారెడ్డి డాక్టరై, 1989లో గజ్వేల్ నుంచి ఎమ్మెల్యేగా గెలిచి మంత్రి కావడం మాత్రం ఆమె కళ్లారా చూశారు.

మరి మనకేంటి?

ఇలాంటి జీవితాలు చదివాక మనం ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. చివరికి ఏం సాధించారు? పదవులు లెక్కపెడితే ఈశ్వరీబాయి జాబితా చిన్నదే. ముఖ్యమంత్రి కాలేదు. మంత్రి కూడా కాలేదు. కాంగ్రెస్‌లోకి వెళ్లి ఉంటే బహుశా అయ్యేవారు. ఆ ధర తెలిసే ఆమె బయట ఉండిపోయారు.

కెరియర్ మొదలుపెడుతున్న మీకు పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి, మొదటి ఉద్యోగాన్ని తక్కువ చేసి చూడకండి. చిన్న ప్రైవేటు బడిలో తక్కువ జీతానికి పాఠాలు చెబుతూ డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఇది చదువుతూ ఉండొచ్చు. ఈ రోజులు లెక్కలోకి రావు అని మీకు అనిపించవచ్చు. ఆమెకు భాషలు పదునెక్కింది, జనంతో పరిచయం పెరిగింది, నలుగురి ముందు భయం లేకుండా నిలబడటం అలవాటైంది అలాంటి రోజుల్లోనే.

రెండోది కొంచెం కష్టమైనది. ఏదో ఒక రోజు మీ ఆఫీసులోనో, యూనియన్‌లోనో, ఊళ్లోనో అందరూ ఒకవైపు వెళ్లిపోతారు. వెళ్లినవాళ్లకు లాభం కూడా కళ్ల ముందే కనిపిస్తుంది. అప్పుడు ఏం చేయాలో ఏ కోచింగ్ సెంటర్ చెప్పదు. 1972లో ఎల్లారెడ్డి ఓటర్లు ఏం చేశారో మాత్రం ఎన్నికల రికార్డుల్లో ఉంది. 219 పక్కన ఒకటి. ఈసారి లోకల్ కాలమ్ నింపేటప్పుడు ఆ ఒకటి గుర్తు తెచ్చుకోండి.

పరీక్షకు వెళ్లేవారికి..

1918 డిసెంబర్ 1: చిలకలగూడలో జననం
1942: నాగ్‌పూర్ అఖిల భారత అణగారిన వర్గాల మహాసభకు హాజరు
1950ల మొదట్లో: చిలకలగూడ మునిసిపల్ కౌన్సిలర్, గీతా విద్యాలయం స్థాపన
1967: రిపబ్లికన్ పార్టీ తరఫున ఎల్లారెడ్డి ఎమ్మెల్యే
1969: తెలంగాణ ఉద్యమంలో పాత్ర, జైలు
1972: సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి తరఫున గెలిచిన ఏకైక ఎమ్మెల్యే
1991 ఫిబ్రవరి 24: మరణం